3.5 గిగాహెర్ట్జ్ గాన్ పవర్ ఆంప్లిఫయర్: ఇన్‌పుట్ ఇవ్వకుండానే కరెంట్ ఎగిరిపోతోంది, ఎక్కడ చూడాలి?

కాకతీయ_ఆర్ఎఫ్
అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు 10 వాట్ల పవర్ ఆంప్లిఫయర్, మన దగ్గర 5జీకి ఇచ్చిన 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మధ్యలో, అంటే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర. 28 వోల్ట్ల గాన్ (గాలియం నైట్రైడ్) ట్రాన్సిస్టర్, ఫ్లాంజ్ (అడుగున లోహపు పలక) ఉన్నది, స్క్రూలతో హీట్‌సింక్‌కి బిగించేది. బోర్డు రోజర్స్ 4350బి (హై ఫ్రీక్వెన్సీకి వాడే మెటీరియల్), మందం 20 మిల్. సిమ్యులేషన్‌లో 41 డీబీఎం (సుమారు 12.6 వాట్లు) పవర్, 68 శాతం ఎఫిషియెన్సీ వచ్చాయి, గైడ్ సార్ కూడా చూసి బోర్డు చేయించుకోమన్నారు.

బోర్డు వచ్చాక గేట్‌కి మైనస్ 5 వోల్ట్లు పెట్టి, డ్రెయిన్ 10 వోల్ట్ల నుంచి మెల్లగా పెంచుకుంటూ, గేట్‌ని మైనస్ 2.8 దాకా తెచ్చి 200 మిల్లీయాంప్స్ సెట్ చేశాను. 14 వోల్ట్ల దాకా బాగానే ఉంది. 15 దాటగానే కరెంట్ ఒక్కసారిగా 600కి ఎగిరిపోతోంది. ఇన్‌పుట్‌లో సిగ్నల్ లేదు, 50 ఓమ్స్ టెర్మినేషన్ ఉంది. అనలైజర్‌లో 3 నుంచి 4 గిగాహెర్ట్జ్ వరకు చూశాను, ఏమీ కనబడలేదు. వేలు డ్రెయిన్ బయాస్ లైన్ దగ్గరికి తీసుకెళ్తే కరెంట్ మారుతోంది. ఇంతకుముందే ఒక ట్రాన్సిస్టర్ పోయింది. డ్రెయిన్ ఆన్‌లో ఉండగా గేట్ సప్లై వైరు ఊడింది. ఇంకొక్కటే మిగిలింది, అందుకే ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

గోదావరి_హామ్
ముందు సప్లైలో కరెంట్ లిమిట్ 300కి పెట్టు బాబూ. తర్వాత మిగతావి.

సనత్‌నగర్_సోల్డర్
తమ్మీ, ఇది పక్కా ఆసిలేషన్, అంటే ఆంప్లిఫయర్ తనంతట తనే సిగ్నల్ పుట్టిస్తోంది. వేలు పెడితే మారుతోందంటే ఇంకో మాటే లేదు. 3 నుంచి 4 గిగాహెర్ట్జ్‌లోనే చూస్తే ఎట్లా కనబడుతది? గాన్‌కి తక్కువ ఫ్రీక్వెన్సీలో గెయిన్ విపరీతంగా ఉంటది, 3.5 దగ్గర 14 డీబీ ఇచ్చేది 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఎంత ఇస్తదో ఒకసారి ఎస్ పారామీటర్ ఫైల్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత గెయిన్ అని ఉండేది) తెరిచి చూడు. అనలైజర్‌ని 1 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ దాకా పెట్టి చూసి చెప్పు. అవుట్‌పుట్‌కి 30 డీబీ అటెన్యుయేటర్ (పవర్ తగ్గించేది) ఉందా? వాటేజ్ ఎంత?

కాకతీయ_ఆర్ఎఫ్
అటెన్యుయేటర్ ఉందన్నా, 30 డీబీ, 20 వాట్లది. మీరు చెప్పినట్టు కింద నుంచి చూశాను. 42 మెగాహెర్ట్జ్ దగ్గర గీత నిటారుగా నిలబడింది, దాని పక్కన 84, 126, అలా వరసగా. రెండు రోజులు 3.5 దగ్గరే వెతుక్కుంటూ కూర్చున్నాను.

లోడ్‌పుల్_లక్ష్మి
నేను బెంగళూరులో బేస్ స్టేషన్ పవర్ ఆంప్లిఫయర్ల మీద పనిచేస్తాను. డ్రెయిన్ బయాస్ వైపు ఏమేం పెట్టావో వరసగా రాయి: క్వార్టర్ వేవ్ లైన్ (తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉండే బయాస్ లైన్) పొడవు, దాని చివర కెపాసిటర్లు, అక్కణ్ణుంచి సప్లైకి వెళ్లే వైరు ఎంత పొడవు. సర్క్యూట్ బొమ్మలో ఉన్నది కాదు, బోర్డు మీద నిజంగా ఉన్నది కావాలి.

కాకతీయ_ఆర్ఎఫ్
క్వార్టర్ వేవ్ లైన్ 13 మిల్లీమీటర్లు అక్కా. చివర ఒకటే 10 పీఎఫ్ (పికోఫారడ్) కెపాసిటర్, 0603 సైజు. అక్కణ్ణుంచి ప్యాడ్, ప్యాడ్ నుంచి బెంచ్ సప్లైకి దాదాపు మీటరు వైరు. సిమ్యులేషన్‌లో సప్లై అంటే ఐడియల్ డీసీ సోర్సే పెట్టాను.

లోడ్‌పుల్_లక్ష్మి
దొరికింది. మీటరు వైరు అంటే సుమారు 1 మైక్రోహెన్రీ. నీ 10 పీఎఫ్, ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ కెపాసిటెన్స్, లైన్లది కలిపి ఒక 14 పీఎఫ్ అనుకో. ఈ రెండూ ఎక్కడ రెజొనేట్ అవుతాయో లెక్క వెయ్యి. 42, 43 మెగాహెర్ట్జ్ వస్తుంది. నువ్వు తెలియకుండానే డ్రెయిన్‌కి ట్యాంక్ సర్క్యూట్ కట్టిపెట్టావు.

3.5 దగ్గర ఆ 10 పీఎఫ్ పని చేస్తుంది సరే, 42 మెగాహెర్ట్జ్ దగ్గర అదే కెపాసిటర్ దాదాపు 380 ఓమ్స్. అంటే అక్కడ అది గ్రౌండ్‌కి షార్ట్‌లా పనిచేయదు. అందుకే డ్రెయిన్‌కి వైరు ఇండక్టెన్స్ కూడా కనబడి, దానితో కలిసి ఊగుతుంది. సిమ్యులేటర్‌కి నువ్వు ఐడియల్ సోర్స్ ఇచ్చావు కాబట్టి దానికి ఆ వైరు ఉన్న సంగతే తెలియదు, కే ఫ్యాక్టర్ (స్టెబిలిటీ కొలత, ఒకటి దాటి ఉండాలి) ఒకటి కన్నా ఎక్కువని చూపించి ఊరుకుంది. పైగా నువ్వు కే ఫ్యాక్టర్‌ని కూడా 3 నుంచి 4 మధ్యలోనే చూసి ఉంటావు.

అనుమానం ఉంటే ట్రాన్సిస్టర్‌కి ఏ ప్రమాదమూ లేని పరీక్ష ఒకటుంది. వైరు సగానికి తగ్గించు. కరెంట్ లిమిట్ అలాగే ఉంచి మళ్లీ చూడు. నేను చెప్పింది నిజమైతే ఫ్రీక్వెన్సీ 1.4 రెట్లు పెరగాలి.

కాకతీయ_ఆర్ఎఫ్
సగం వైరుతో 58 మెగాహెర్ట్జ్! అక్కా థాంక్యూ. కే ఫ్యాక్టర్ సంగతి కూడా మీరన్నదే నిజం, 3 నుంచి 4 వరకే చూశాను. ఇప్పుడు 1 మెగాహెర్ట్జ్ నుంచి వేస్తే 900 మెగాహెర్ట్జ్ కింద అంతా ఒకటికి లోపే ఉంది.

సనత్‌నగర్_సోల్డర్
ఇప్పుడు రెండు పనులు చెయ్యి.

గేట్ వైపు: సిగ్నల్ దారిలో ఒక 47 ఓమ్ రెసిస్టర్, దానికి అడ్డంగా 3 పీఎఫ్ పెట్టు. పైన సిగ్నల్ కెపాసిటర్‌లోంచి పోతది, కింద మాత్రం రెసిస్టర్‌లోంచే పోవాలె, అక్కడ గెయిన్ చచ్చిపోతది. 3.5 దగ్గర ఒక డీబీ దాకా పోతది, పోనియ్. ఇన్‌పుట్ మ్యాచింగ్ మళ్లా సరి చూసుకోవాల్సి వస్తది. గేట్ బయాస్ దారిలో కూడా 10 ఓమ్స్ పెట్టు.

డ్రెయిన్ వైపు కెపాసిటర్లు వరసగా పెంచుకుంటూ పో: చిన్నది దగ్గర, పెద్దది దూరం. 100 పీఎఫ్, 1 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్ సెరామిక్, చివర 33 మైక్రోఫారడ్ ఎలెక్ట్రోలిటిక్. అన్నీ తక్కువ లాస్ సెరామిక్‌లే అయితే వాటిల్లో వాటికి మళ్లా రెజొనెన్స్‌లు వస్తయి. అందుకని మధ్యలో ఒక కెపాసిటర్‌కి సిరీస్‌లో 2.2 ఓమ్స్ పెట్టు. డీసీ కరెంట్ పోయే దారిలో కాదు తమ్మీ, కెపాసిటర్ నుంచి గ్రౌండ్‌కి పోయే కాలులో. ఆ రెసిస్టరే ఊగేదాన్ని ఆపుతది.

డల్లాస్_గుంటూరోడు
ఆ 10 పీఎఫ్ గురించి కూడా ఒక మాట. 0603 కెపాసిటర్‌ని ప్యాడ్లతో సహా చూస్తే సుమారు 0.5 నానోహెన్రీ ఉంటుంది. 10 పీఎఫ్‌తో అది 2.25 గిగాహెర్ట్జ్ దగ్గరే సెల్ఫ్ రెజొనెన్స్‌కి వస్తుంది. అంటే 3.5 దగ్గర నీ కెపాసిటర్ కెపాసిటరే కాదు, ఆరేడు ఓమ్స్ ఇండక్టర్. డీసీ బ్లాక్‌గా (అవుట్‌పుట్‌లోకి డీసీ పోకుండా ఆపే కెపాసిటర్‌గా) కూడా అదే వాడి ఉంటే అవుట్‌పుట్ మ్యాచింగ్ అక్కడే పక్కకి పోయింది. 3.9 పీఎఫ్ వెయ్యి, దాని సెల్ఫ్ రెజొనెన్స్ సరిగ్గా నీ బ్యాండ్ దగ్గర పడుతుంది. సిమ్యులేషన్‌లో కూడా కెపాసిటర్ కంపెనీ ఇచ్చే మోడలే వాడు, ఐడియల్ వద్దు.

గోదావరి_హామ్
నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాదు, రాజమండ్రిలో హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు మీద ముప్పై ఏళ్లుగా రేడియో కడుతున్నాను. క్యూఓ-100 ఉపగ్రహం 2019లో హామ్‌లకి తెరిచినప్పటి నుంచి దానికి 2400 మెగాహెర్ట్జ్‌లో పైకి పంపడానికి ఆంప్లిఫయర్లు కట్టుకుంటున్నాను. ఒక రాత్రి వానలో డిష్ ఫీడ్‌లోకి నీళ్లు పోయాయి, నాకు తెలియదు, పవర్ ఇచ్చాను. తిరిగొచ్చిన పవర్‌కి ట్రాన్సిస్టర్ పోయింది. మూత తీస్తే వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటినుంచి అవుట్‌పుట్‌లో ఐసోలేటర్ (తిరిగొచ్చే పవర్‌ని ఆపేది) లేకుండా యాంటెన్నాకి తగిలించను. ఈ అబ్బాయి ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నాడు కాబట్టి 50 ఓమ్స్ లోడే, కానీ రేపు యాంటెన్నా పెట్టినప్పుడు గుర్తుంచుకోవాలి.

ఇంకోటి, గేట్ వైరు ఊడి ఒకటి పోయిందన్నావు. గాన్‌కి గేట్ నెగటివ్ లేకపోతే పూర్తిగా ఆన్‌లోనే ఉంటుంది. నెగటివ్ వోల్టేజ్ వచ్చాకే డ్రెయిన్ సప్లై ఆన్ అయ్యేలా చిన్న మాస్‌ఫెట్ సర్క్యూట్ పెట్టుకో. ఆపేటప్పుడు ముందు డ్రెయిన్ పోవాలి, తర్వాత గేట్. చేతి జాగ్రత్తని నమ్ముకోవద్దు, రాత్రి పన్నెండింటికి ఎవరి చెయ్యైనా తప్పుతుంది.

కాకతీయ_ఆర్ఎఫ్
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. అన్నీ మార్చాను. 28 వోల్ట్ల దగ్గర 200 మిల్లీయాంప్స్, కదలట్లేదు. 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా శుభ్రంగా ఉంది. చూడగానే కళ్లల్లో నీళ్లొచ్చాయి, అబద్ధం చెప్పను.

కానీ గెయిన్ పీక్ 3.5 దగ్గర లేదు, 3.2 దగ్గర ఉంది. 3.5లో 9 డీబీ మాత్రమే. ల్యాబ్‌లో సీనియర్ ఒకరు బోర్డు డైఎలెక్ట్రిక్ విలువ తప్పు వేసుంటావన్నారు. నేను 3.48 వేశాను.

డల్లాస్_గుంటూరోడు
ఆ సీనియర్ చెప్పింది సగం నిజం. 4350బి డేటాషీట్‌లో రెండు విలువలుంటాయి: 3.48, ఇంకా డిజైన్‌కి వాడమని ఇచ్చిన 3.66. వేయాల్సింది 3.66. అయితే ఆ తేడా వల్ల ఫ్రీక్వెన్సీ రెండున్నర శాతమే కదులుతుంది, అంటే 3.5 కాస్తా 3.41 అవుతుంది. నీది 3.2కి పోయింది. మిగతా 200 మెగాహెర్ట్జ్ ఇంకెక్కడో ఉంది. ట్రాన్సిస్టర్ బిగించిన చోట ఫోటో పెట్టు, పైనుంచి కాదు, పక్కనుంచి. కుదిరితే బోర్డు విప్పి అడుగు వైపు కూడా.

కాకతీయ_ఆర్ఎఫ్
ఫోటోలు పెట్టాను. బోర్డు అడుగున తెల్లగా కనబడేది థర్మల్ పేస్ట్. వేడి బాగా దిగాలని మొత్తం రాశాను.

సనత్‌నగర్_సోల్డర్
అయ్యో తమ్మీ!! బోర్డు కింద పేస్ట్ ఎందుకు రాసినవ్?

లోడ్‌పుల్_లక్ష్మి
ఇదే అసలు సంగతి. ఓపిగ్గా చదువు.

ఆ తెల్ల పేస్ట్ వేడిని పోనిస్తుంది, కరెంట్‌ని పోనివ్వదు. ట్రాన్సిస్టర్ సోర్స్ అంటే ఆ ఫ్లాంజే. డ్రెయిన్ లీడ్‌లోంచి వెళ్లిన ఆర్ఎఫ్ కరెంట్ బోర్డు అడుగు రాగి మీదుగా తిరిగొచ్చి, ఫ్లాంజ్‌లోకి దిగాలి, అదీ లీడ్‌కి సరిగ్గా కింద, అతి దగ్గరి దారిలో. నీ బోర్డుకీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్ట్ ఉంది కాబట్టి ఆ కరెంట్ స్క్రూల దాకా పోయి, హీట్‌సింక్‌లోకి దిగి, మళ్లీ వెనక్కి వస్తోంది. ఫోటోలో చూస్తే దగ్గరి స్క్రూ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 3.5 దగ్గర నీ క్వార్టర్ వేవ్ ఎంత? 13 మిల్లీమీటర్లు. నువ్వు డిజైన్ చేయని ఇంకో క్వార్టర్ వేవ్ గ్రౌండ్‌లో కూర్చుంది.

దీనికి తోడు స్లాట్ వెడల్పుగా కోశారు, లీడ్ బోర్డుని తాకే ముందు ఒకటిన్నర మిల్లీమీటరు గాలిలో వేలాడుతోంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ లెక్క చూడు: 10 వాట్లకి, 28 వోల్ట్లలో knee వోల్టేజ్ (స్వింగ్‌కి పనికిరాని అడుగు వోల్టేజ్) 4 పోను, 24 స్క్వేర్ బై 20, అంటే నీ ట్రాన్సిస్టర్‌కి కావలసిన లోడ్ 29 ఓమ్స్. 1.3 పీఎఫ్ అవుట్‌పుట్ కెపాసిటెన్స్ ఇక్కడ 35 ఓమ్స్, ప్యాకేజీ లీడ్ 0.5 నానోహెన్రీ అయితే ఇంకో 11 ఓమ్స్. ఇవన్నీ ఒకే స్థాయిలో ఉన్న అంకెలు. అందుకే అర నానోహెన్రీ అదనంగా వస్తే మ్యాచింగ్ కదిలిపోతుంది. 100 వాట్ల పార్ట్ అయితే ఆ 29 కాస్తా 3 ఓమ్స్ కూడా ఉండదు, అక్కడ టంకం కాస్త ఎక్కువైనా తేడా తెలుస్తుంది.

పేస్ట్ మొత్తం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచెయ్. బోర్డుని నేరుగా లోహానికి ఆనించు, ఫ్లాంజ్‌కి రెండు పక్కలా వీలైనంత దగ్గరగా స్క్రూలు వెయ్. ఇండియం రేకు దొరికితే ఫ్లాంజ్ కింద అదే వెయ్, లేకపోతే ఫ్లాంజ్ కింద మాత్రం అతి పలచగా పేస్ట్. లీడ్ కింద గాలి ఉన్న చోట రాగి రేకు ముక్క బోర్డు గ్రౌండ్‌కి అతికించి ఫ్లాంజ్ దాకా తీసుకురా.

గోదావరి_హామ్
లక్ష్మిగారూ, ముప్పై ఏళ్లలో నాకు ఈ గ్రౌండ్ దారి సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదండీ. నా 2400 ఆంప్లిఫయర్ ఒకటి ఎందుకు సరిగా రాలేదో ఇప్పుడు అర్థమైంది. రేపే విప్పుతాను.

విశాఖ_వేవ్‌గైడ్
పక్కనుంచి ఒక ప్రశ్న. ఈ గాన్ పార్టులన్నీ బయటివేనా, మన దగ్గర ఎవరూ చేయట్లేదా?

సనత్‌నగర్_సోల్డర్
చేస్తున్నరు. హైదరాబాద్ విజ్ఞానకంచలో గేటెక్ అనే చిప్‌ల కేంద్రం ఎప్పటినుంచో గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు చేస్తది. సిలికాన్ కార్బైడ్ మీద గాన్, 150 వాట్ల దాకా ట్రాన్సిస్టర్లకి స్వదేశీ ప్రాసెస్ సిద్ధమైందని డీఆర్‌డీఓ 2024లో చెప్పింది. అవి రక్షణ పనులకి, విద్యార్థికి కొట్లో దొరికేవి కాదు. ఇక్కడ దీని మీద ఎక్కువ సాగదీయను, తమ్మి బోర్డు సంగతి ముందు తేలాలె.

కాకతీయ_ఆర్ఎఫ్
తేలిందన్నా. తుడిచి, బిగించి, రాగి రేకు వేశాక పీక్ 3.43కి వచ్చింది. అంటే మిగిలింది ఆ డైఎలెక్ట్రిక్ తేడానే. అవుట్‌పుట్ స్టబ్‌ని (మ్యాచింగ్ కోసం పక్కకి తీసిన లైన్ ముక్కని) బ్లేడుతో కొంచెం కొంచెంగా, రెండు సార్లు కోశాను, 3.5కి వచ్చేసింది. గెయిన్ 12.6 డీబీ, సాచురేషన్‌లో 40.3 డీబీఎం, డ్రెయిన్ ఎఫిషియెన్సీ 62 శాతం.

తర్వాత ఓఎఫ్‌డీఎం (5జీలో వాడే రకం) సిగ్నల్ ఇచ్చాను, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు, పీక్‌కీ సగటుకీ మధ్య 8 డీబీ. సగటు పవర్ 32 డీబీఎం దగ్గర పెట్టాను. ఎఫిషియెన్సీ 25 శాతానికి పడిపోయింది. పక్క ఛానెల్‌లోకి పడేది ఎడమ వైపు మైనస్ 33, కుడి వైపు మైనస్ 28. మళ్లీ ఏదో తప్పు చేశానా?

డల్లాస్_గుంటూరోడు
25 శాతం తప్పు కాదు, అది రావలసిందే. క్లాస్ ఏబీలో (నువ్వు బయాస్ చేసిన పద్ధతిలో) పవర్ తగ్గిస్తే ఎఫిషియెన్సీ దాదాపు వోల్టేజ్ నిష్పత్తిలో తగ్గుతుంది. 8 డీబీ కిందికి వస్తే 0.4 రెట్లు. 62కి 0.4 అంటే 25. నీ కొలత చాలా శుభ్రంగా ఉంది. అంటే 1.6 వాట్లు బయటికి పంపడానికి 6.4 వాట్లు తింటోంది, మిగిలినదంతా వేడి. నిజమైన టవర్ మీద కరెంట్ బిల్లు ఇక్కడే కనబడుతుంది. అందుకే 1936లో బెల్ ల్యాబ్స్‌లో డోహర్టీ చేసిన పద్ధతే ఈనాటికీ బేస్ స్టేషన్లలో వాడుతున్నారు: రెండు ట్రాన్సిస్టర్లు, తక్కువ పవర్‌లో మెయిన్ ఒక్కటే పెద్ద లోడ్‌లోకి పనిచేస్తుంది, పీక్ వచ్చినప్పుడు రెండోది లేచి ఆ లోడ్‌ని సగానికి లాగుతుంది. దానివల్ల 6 డీబీ కింద కూడా మెయిన్ ట్రాన్సిస్టర్ పూర్తి వోల్టేజ్ స్వింగ్‌లోనే ఉంటుంది. నీ దగ్గర ఒకే పార్ట్ ఉంది, గడువు దగ్గర పడింది, ఈ ప్రాజెక్టులో డోహర్టీ జోలికి వెళ్లొద్దు. థీసిస్‌లో ఆ 25 శాతాన్ని దాచకుండా రాయి. 62 మాత్రమే రాసే పేపర్లు చాలా చదివాను, నాకు ఒళ్లు మండుతుంది.

లోడ్‌పుల్_లక్ష్మి
ఎఫిషియెన్సీ సరే, నన్ను పట్టుకున్నది ఆ 5 డీబీ తేడా. ఎడమకీ కుడికీ తేడా ఉందంటే మెమరీ ఎఫెక్ట్. 40 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఎన్వలప్ మారుతున్నప్పుడు డ్రెయిన్ కరెంట్ కూడా ఆ వేగంతోనే మారుతుంది. ఆ కరెంట్‌కి బయాస్ దారిలో ఇంపెడెన్స్ ఎదురైతే డ్రెయిన్ వోల్టేజ్ ఊగి, సిగ్నల్ మీద మళ్లీ మాడ్యులేట్ అవుతుంది. మొదటి రోజు నిన్ను ఏడిపించిన అదే లైను, అదే పదుల మెగాహెర్ట్జ్. అప్పుడు ఆసిలేషన్‌గా కనబడింది, ఇప్పుడు పక్క ఛానెల్‌లో కనబడుతోంది. క్వార్టర్ వేవ్ చివర ఇప్పుడు ఏముందో చెప్పు.

కాకతీయ_ఆర్ఎఫ్
3.9 పీఎఫ్, 100 పీఎఫ్, తర్వాత ఒక ఫెరైట్ బీడ్ (హై ఫ్రీక్వెన్సీని అడ్డుకునే పూస) పెట్టాను అక్కా, ఇంకా సేఫ్‌గా ఉంటుందని. దాని తర్వాత 1 నానో, 1 మైక్రో, 33 మైక్రో.

లోడ్‌పుల్_లక్ష్మి
ఆ బీడ్ తీసి 33 మైక్రోకీ సప్లైకీ మధ్య పెట్టు. 1 మైక్రోని క్వార్టర్ వేవ్ చివరికి, 100 పీఎఫ్ పక్కకే తీసుకురా, గ్రౌండ్ వయాలు దాని ప్యాడ్‌లోనే రెండు మూడు వెయ్. క్వార్టర్ వేవ్ లైన్ వెడల్పు కూడా కొంచెం పెంచితే మంచిది, సన్నటి లైన్ అంటే ఇండక్టెన్స్ ఎక్కువ. మార్చాక స్టెబిలిటీ మళ్లీ 1 మెగాహెర్ట్జ్ నుంచి చూడకుండా 28 వోల్ట్లు ఇవ్వొద్దు.

కాకతీయ_ఆర్ఎఫ్
బీడ్ జరిపాను, కెపాసిటర్ జరిపాను. లైన్ వెడల్పు ఈ బోర్డులో కుదరదు. 15 వోల్ట్ల దగ్గర ఒకసారి, 28 దగ్గర ఒకసారి కింద నుంచి చూశాను, నిశ్శబ్దంగా ఉంది.

ఎడమ మైనస్ 32.4, కుడి మైనస్ 31.8!

డిపార్ట్‌మెంట్ అనలైజర్ 160 మెగాహెర్ట్జ్ వెడల్పు పట్టుకుంటుంది, మా సిగ్నల్‌కి నాలుగు రెట్లు. దానితో డిజిటల్ ప్రీడిస్టార్షన్ (ఆంప్లిఫయర్ చేసే వంకరకి ముందే సిగ్నల్‌లో విరుగుడు కలపడం) చేశాను, మెమరీ పాలినామియల్, ఏడో ఆర్డర్, మూడు ట్యాప్‌లు. మైనస్ 47 వచ్చింది రెండు వైపులా. బేస్ స్టేషన్‌కి 45 చాలు కదా? బీడ్ పాత చోట ఉన్నప్పుడు ఇదే మోడల్‌తో 41 దాటలేదు, రెండు ప్లాట్లూ పెడుతున్నాను.

లోడ్‌పుల్_లక్ష్మి
45 చాలు. ఆ రెండు ప్లాట్లూ ఒకే పేజీలో పక్కపక్కన వెయ్యి, కింద బీడ్ ఎక్కడుందో చిన్న బొమ్మ గీసి. ఇంకొకటి, నువ్వు కొలిచింది ఆగకుండా వచ్చే సిగ్నల్‌తో. ఈ బ్యాండ్ టీడీడీ (పంపడం, అందుకోవడం వంతులవారీగా), నిజంగా వాడేటప్పుడు ఆంప్లిఫయర్ ఆగి ఆగి పనిచేస్తుంది. గాన్‌లో ట్రాపింగ్ (ఎలక్ట్రాన్లు చిక్కుకుపోవడం) వల్ల ఆన్ అయిన మొదటి మైక్రోసెకండ్లలో గెయిన్ వేరుగా ఉంటుంది, ప్రీడిస్టార్షన్ అక్కడ తడబడుతుంది. టైం ఉంటే గేట్‌ని పల్స్ చేసి ఒక్క కొలత తీసుకో.

సనత్‌నగర్_సోల్డర్
తమ్మీ, పల్స్ చేసేది గేట్‌నే, డ్రెయిన్‌ని కాదు. పల్స్ ఇచ్చే ముందు గేట్ మైనస్ 5కి పోతోందో లేదో ఆసిలోస్కోప్‌లో చూడు. జనరేటర్ అవుట్‌పుట్ 50 ఓమ్స్‌కి సెట్ అయి ఉంటే, గేట్ దగ్గర నువ్వు అనుకున్న వోల్టేజ్ ఉండదు, రెట్టింపు ఉంటది.

కాకతీయ_ఆర్ఎఫ్
చూశానన్నా, నిజంగానే మైనస్ 10 చూపిస్తోంది. ట్రాన్సిస్టర్ ఇంకా తగిలించలేదు. హై ఇంపెడెన్స్‌కి మార్చాను, ఇప్పుడు మైనస్ 5. రేపు పొద్దున్నే ల్యాబ్ తెరవగానే కొలుస్తాను, లేఅవుట్ ఫైల్ కూడా అప్పుడే ఇక్కడ పెడతాను.

గోదావరి_హామ్
ఫైల్ పెట్టు బాబూ, 2400కి మార్చుకుని నేను కడతాను. నాది విప్పాను, బోర్డు కింద నేనూ పేస్టే రాశాను.